కంథయు గ్రంథమును

తెలుగున "అతుకులబొంత" యను మాట నిందార్థమున వాడబడుచున్నది. పొందికలేని రచనను, పలుచోట్లనుండి ఏరితెచ్చి కూర్చిన వాదమును, క్రమములేని ఏర్పాటును అట్లు పేర్కొందురు. కాని ఆ మాటకు మూలమైన వస్తువును చేతబట్టి చూచినవారికి ఆ నింద న్యాయమని తోచదు. చినిగిన చీర నొకదానిపై నొకటి పరచి, అంచులు కలిపి, వేలకొలది కుట్లతో ఒక్క వస్త్రముగా చేయుట ఓర్పుగల చేతులకు మాత్రమే సాధ్యము. అట్టి బొంతపై బొమ్మలను, కథలను, తుదకు అక్షరములను కూడ కుట్టి, దానిని చదువదగిన వస్తువుగా మార్చిన స్త్రీలు భారతదేశమున నుండిరి. వారు వంగదేశపు గృహిణులు. వారి బొంతలకు అచ్చట "కాంథా" యని పేరు.

ఈ కాంథా శబ్దము సంస్కృతమందలి "కంథా" శబ్దమునుండి వచ్చినది. చింకిగుడ్డలను చేర్చి కుట్టిన వస్త్రమని దాని యర్థము. సన్న్యాసుల బొంతకు కంథ యను పేరు తెలుగు కావ్యభాషకును క్రొత్తది కాదు. ఇక పుస్తకమునకు గల "గ్రంథము" అను పేరును పరికించినచో, అదియు ముడివేయుట, కూర్చుట అను అర్థముగల ధాతువునుండి పుట్టినదే. శాస్త్రవాక్యమునకు "సూత్రము" అని పేరు, సూత్రమనగా దారము. తాటాకులకు రంధ్రము చేసి త్రాటితో గ్రుచ్చి కట్టిననాడే గ్రంథ మేర్పడెను. ఆకులు చెదరిపోకుండ కట్టునది దారము. గుడ్డలు విడిపోకుండ పట్టునదియు దారమే. కంథకును గ్రంథమునకును గల ఈ చుట్టరికము మాటలలో మాత్రమే యున్నది కాదు. వంగదేశపు ఇండ్లలో అది కంటికి కనబడునట్లు నిలిచియున్నది.

కాంథా కుట్టు విధానము

కాంథాకు క్రొత్తబట్ట పనికిరాదు. కట్టి కట్టి, ఉదికి ఉదికి మెత్తబడిన చీరలును ధోవతులును దానికి ముడిపదార్థము. అవి మూడు పొరలు కావచ్చును, ఐదు కావచ్చును, చలికాలపు దుప్పటికైనచో అంతకు మించియు నుండవచ్చును. ఆ పొరలను ఇంటిముంగిట నేలపై ముడుత లేకుండ పరచి, అంచులయందు ఖర్జూరపు ముండ్లు గ్రుచ్చి కదలకుండ చేయుదురు. పిమ్మట పెద్దకుట్లతో పొరలను కలిపి పట్టించి, ఆపైన అసలుపని మొదలిడుదురు. సూదిని క్రిందికి మీదికి పోనిచ్చు సూటికుట్టు ఒక్కటే ఇందు ప్రధానము. ఆ కుట్టును దగ్గరచేసియు దూరముచేసియు, వంకరగా త్రిప్పియు, ఒకే సాధనముతో ఏనుగు వీపును, పద్మపురేకును, నదీజలమును వేరువేరుగా చూపగలిగిరి. ఖాళీస్థలమును కూడ తెల్లదారముతో కుట్టుటచేత ఆ బట్ట అలలు లేచిన నీటివలె సన్నని ముడుతలు దేరును.

రంగుదారమును సయితము కొనెడివారు కారు. పాతచీరల యంచులనుండి ఎఱుపు, నీలము, నలుపు పోగులను ఒక్కొక్కటిగా లాగి తీసి చుట్టి దాచుకొనెడివారు. కావున కాంథాలో వ్యయమైనది ధనము కాదు, కాలము. వంటపని ముగిసి, పిల్లలు నిద్రించిన మధ్యాహ్నములును, వానకాలమున వెలికిపోవ వీలులేని దినములును అందుకు వినియోగమయ్యెను. ఒక్క కాంథాకు నెలలు పట్టెడిది, ఏండ్లును పట్టెడిది. తల్లి యారంభించిన దానిని కూతురు పూర్తిచేయుటయు కలదు.

నడుమ విప్పారిన పద్మము, నాలుగు మూలల నాలుగు చెట్లు లేక మామిడిపిందె ఆకృతులు, చుట్టును అంచు, ఇది సాధారణమైన కూర్పు. ఈ చట్రము లోపల గృహిణికి పూర్ణస్వాతంత్ర్యము. కృష్ణుడు, గోపికలు, దుర్గ, రథయాత్ర, ఏనుగులు, నెమళ్ళు ఒకవంకను. దువ్వెన, అద్దము, కాటుకబరిణె, అడకత్తెర మున్నగు తన చేతిలోని వస్తువులు మరియొకవంకను. 19వ శతాబ్దిలో క్రొత్తగా వచ్చిన పొగయోడ, రైలుబండి, తుపాకి బూనిన సిపాయి, విక్టోరియా రాణి నాణెము ఇంకొకవంకను చేరెను. ఇల్లు దాటని స్త్రీ తాను చూచినదానిని, వినినదానిని, ఊహించినదానిని అన్నిటిని ఒకే బట్టపై పెట్టెను. రాజుల శాసనములలో కానరాని ఆనాటి గృహజీవితము ఈ పాతగుడ్డలపై నిలిచినది.

పుస్తకమునకు కప్పిన బొంత

కాంథాలన్నియు కప్పుకొను దుప్పట్లు కావు. చలికి కప్పుకొనునది "లేప్", అతిథులకును శుభకార్యములకును పరచునది "సుజని", కూర్చుండుటకు "ఆసన్", దిండుపై తొడుగు "ఓఆర్", అద్దమును దువ్వెనను చుట్టిపెట్టునది "ఆర్షిలతా", తాంబూలమునకో చిల్లరడబ్బులకో సంచివలె మడిచినది "దుర్జని". ఇవన్నియు నటుండగా, పుస్తకములను విలువగల వస్తువులను చుట్టిపెట్టుటకు ప్రత్యేకముగా కుట్టిన చతురస్రాకారపు కాంథా ఒకటి కలదు. దానిని "బోస్తాని" యందురు. ముస్లిం గృహములలో పవిత్రమగు ఖురానునకు కాంథాతో కుట్టిన "గిలాఫ్" అను తొడుగు నుండెడిది.

పుస్తకమునకు ఇంతటి యుపచార మెందుకని నేటివారికి సందేహము కలుగవచ్చును. అచ్చు రాకపూర్వము వంగదేశపు పుస్తకము "పుంథి" యనబడెను. అది కుట్టుపడిన పుస్తకము కాదు. విడివిడి ఆకులను రెండు చెక్కల నడుమ నుంచి త్రాటితో కట్టెడివారు. గాలి వీచినను ఆకులు చెదరును. చెమ్మ తగిలినచో పాడగును. పురుగు పట్టినచో పోవును. తెలుగునాట తాళపత్రగ్రంథములను గుడ్డలో చుట్టి అటకపై నుంచిన ఆచారమునకును కారణ మిదియే. అందుచేత పుంథికి గుడ్డచుట్టు అలంకారము మాత్రమే కాదు, ఆయుర్దాయము. పురుషుడు చదివెడి ఆ పుస్తకమును కాపాడు వస్త్రమును కుట్టినది స్త్రీ. కాని లోపలనున్న ఆకులను విప్పి చదువు హక్కు ఆ స్త్రీకి లేకుండెను. ఈ వైపరీత్యమే కాంథా చరిత్రలో ముఖ్యమైన విషయము.

కాంథా పేరు వైష్ణవ వాఙ్మయమునందును వినబడును. కృష్ణదాస కవిరాజు రచించిన చైతన్యచరితామృతమున సనాతన గోస్వామి కథ కలదు. ఆయన వంగసుల్తాను హుసేన్ షా కొలువులో ఉన్నతోద్యోగి. ఉద్యోగమును విడిచి, చెర తప్పించుకొని, కాశీలో చైతన్యదేవుని దర్శించునప్పటికి ఆయన భుజముపై బంధువిచ్చిన విలువగల కంబళి యొకటి మిగిలియుండెను. గురువు దానివంక పలుమార్లు చూచుట గ్రహించి, సనాతనుడు గంగాతీరమున కంథ నుతికి ఆరవేసికొనుచున్న యొక వంగీయ యాచకుని కడకు పోయి, కంబళి యిచ్చి ఆ చింకికంథను తీసికొనెను. అధికారమునుండి వైరాగ్యమునకు జరిగిన ప్రయాణము ఆ యొక్క మార్పిడిలో చెప్పబడినది. కాంథా ఆనాటికే వంగదేశపు పేదవాని గుర్తుగా నుండెనని దీనివలన తెలియును.

కాని అదే దేశమున ధనికుల కొరకును కుట్టుపని జరిగెను. 16, 17 శతాబ్దులలో హుగ్లీ ప్రాంతపు సాత్‌గాఁవ్ రేవునుండి పోర్చుగీసు వర్తకులు గొప్ప దుప్పట్లను ఐరోపాకు కొనిపోయిరి. తెల్లని నూలుబట్టపై పసుపువన్నె టసరుపట్టుతో కుట్టిన ఆ దుప్పట్లపై సొలొమోను రాజు తీర్పు మొదలగు బైబిలు కథలును, హెర్క్యులిసు పరాక్రమములును, ఓవిడు కవి చెప్పిన పురాణగాథలును కలవు. లిస్బను, లండను, బోస్టను నగరముల మ్యూజియములలో అట్టివి నేటికిని కనబడును. తాము చదువని పుస్తకముల కథలను, ఎఱుగని దేవతల రూపములను, చేతి కందిన చిత్రములను చూచి కుట్టిన ఆ పనివారి పేరొక్కటియు మిగులలేదు. కొన్నవాని కులచిహ్నము మాత్రము కొన్నిటిపై నిలిచినది.

దొంగిలించిన ఆకు

19వ శతాబ్ది పూర్వార్ధమున వంగదేశమున చదువుకొన్న స్త్రీ విధవ యగునను విశ్వాసము బలముగా నుండెను. కలకత్తాలో బెథూన్ బాలికల పాఠశాల 1849లో నెలకొనెను. ఈశ్వరచంద్ర విద్యాసాగరుని "వర్ణపరిచయము" అను అక్షరబోధిని 1855లో వెలువడెను. కాని ఈ వెలుగు పల్లెలోని వంటయింటికి చేరుట కెంతయో కాలము పట్టినది.

అట్టి వంటయింటిలో తనంతట తాను చదువు నేర్చిన స్త్రీ రాససుందరీ దేవి. పబ్నా జిల్లాలో 19వ శతాబ్ది తొలిపాదమున ఆమె బాల్యము గడచెను. పండ్రెండేండ్లకు వివాహమై పెద్దకుటుంబపు భారము తలకెత్తుకొనెను. బృందావనదాసుని చైతన్యభాగవతమును స్వయముగా చదువవలెనను కోరిక ఆమెకు కలుగ, అది కలలో సయితము వెంటాడెను. ఒకనాడు ఇంటిలోని పుంథి బయటకు వచ్చినప్పుడు ఆమె ఒక్క ఆకును తీసి వంటయింటిలో దాచెను. పెద్దకుమారుడు అక్షరములు దిద్దిన తాటాకు నొకదానిని కూడ సంగ్రహించెను. కొడుకు దిద్దిన అక్షరమును, పుంథిలోని అక్షరమును, చిన్ననాడు పాఠశాలలో మగపిల్లలు వల్లించుచుండగా చెవిని బడి జ్ఞాపకమున్న ధ్వనిని, ఈ మూటిని పోల్చి పోల్చి చూచి ఆమె చదువు నేర్చెను. ఎవ్వరైనను చూతురను భయముతో, పొయ్యి మండుచుండగా ఆకును చేతిలో దాచి చూచుకొనుచు ఆ పని సాగించెను. ఆమె పెద్దవయస్సున రచించిన "ఆమార్ జీబన్" వంగభాషలో స్త్రీ వ్రాసిన తొలి ఆత్మకథగా ప్రసిద్ధి గాంచినది.

ఇందు గమనింపదగిన సంగతి ఒకటి కలదు. ఆకులు కుట్టుపడక విడిగా నుండుటచేతనే ఆమె యొకదానిని తీయగలిగెను. పుస్తకమును చుట్టి కట్టు పని స్త్రీలది గనుకనే పుస్తకము వారి చేతికి దగ్గరగా నుండెను. చేతికి దగ్గరై కంటికి దూరమైన విద్యను ఆమె చేతితోనే పట్టుకొనెను. రవీంద్రనాథ ఠాకూరు "ఖాతా" అను కథలో ఉమ యను బాలిక వ్రాతపుస్తకమును భర్త లాగికొనుటను చిత్రించెను. రాససుందరి సాధించినదానిని ఉమ పోగొట్టుకొనెను. ఆ శతాబ్దిలో ఈ రెండును నిజములే.

దారముతో వ్రాసిన పేరు

ఈ నేపథ్యమున చూచినప్పుడే కాంథాలపై కుట్టిన అక్షరములకు గల విలువ తెలియును. 19వ శతాబ్దిలో కొన్ని కాంథాలపై వంగలిపి కనబడసాగెను. బొమ్మ ప్రక్కన దాని పేరు, ఇచ్చువారి పేరు, పుచ్చుకొనువారి పేరు, ఆశీర్వచనము, సామెత, ఇట్టివి వానిలో నుండును. కొన్నిటి అక్షరక్రమము తప్పుగా నుండును. ఒకచో లిపి తడబడును, ఒకచో చోటు చాలక ప్రక్కకు వంగును. ఇంకొకరు వ్రాసి యిచ్చినదానిని గీతవలె చూచి కుట్టిన స్త్రీలును ఉండవచ్చును. క్రొత్తగా నేర్చిన అక్షరమును గర్వముతో కుట్టినవారును ఉండవచ్చును. ఏదియైనను ఆ తప్పులు దిద్దదగినవి కావు. అవి చదువు మొదటి యడుగుల జాడలు.

కలకత్తా సమీపమున జోకాలోని గురుసదయ మ్యూజియమున నున్న సుజని కాంథాలలో మానదాసుందరీ దాసి యను నామె కుట్టినది మిక్కిలి ప్రసిద్ధము. ఆమె దానిని తన తండ్రికి సమర్పించుచు ఆ సంగతిని దారముతోనే అందు కుట్టిపెట్టెను. కవులు తమ కావ్యములకు కృతిపతులను ఎంచుకొనుట తెలుగువారికి పరిచితమైన సంప్రదాయము. కావ్యము వ్రాయు అవకాశము లేని స్త్రీ యొకతె తన బొంతకు తండ్రిని కృతిపతిగా నెంచుకొనెను. ఆ కాలమున వేలకొలది స్త్రీలు కాంథాలు కుట్టిరి. వారిలో పేరు తెలిసినవారు వ్రేళ్ళపై లెక్కింపదగినవారు. పనితనమున మానదాసుందరికి తీసిపోని వారెందరో యుండిరనుట నిజమే. కాని ఆమె పేరు నిలిచినది, వారి పేరు నిలువలేదు. ఈ భేదమునకు అక్షరమే కారణము.

కొలువులో నుండి చేసిన సేకరణ

ఈ కాంథాలు మ్యూజియమునకు చేరుట యొక ప్రభుత్వోద్యోగి శ్రమఫలితము. గురుసదయ దత్తు 1882లో సిల్హెట్ జిల్లాలో జన్మించి, ఇండియన్ సివిల్ సర్వీసులో చేరి, వంగదేశపు పలు జిల్లాలలో కలెక్టరుగా పనిచేసెను. జిల్లాధికారి గ్రామములకు తిరుగుట పన్నులకును తగవులకును సంబంధించిన పని. దత్తు ఆ సంచారములోనే పల్లెవారి పాటలను, నృత్యములను, పటచిత్రములను, మట్టిబొమ్మలను, కాంథాలను పరిశీలించి సేకరించెను. ఆనాటి విద్యావంతులకు ఇవి కళలని తోచలేదు. పాతగుడ్డలకు పెట్టె యెందుకని వారి యభిప్రాయము. దత్తు ఆ యభిప్రాయమును మార్చుటకు పాటుపడెను. ఆయన భార్య సరోజనళినీ దత్తు పల్లెటూళ్ళలో మహిళాసమితుల నెలకొల్పిన సేవాపరాయణురాలు. ఆమె 1925లో మరణింపగా, స్త్రీల విద్యకును చేతిపనులకును ఆమె పేర ఒక సంఘము ఏర్పడెను. 1932లో దత్తు బ్రతచారి యుద్యమమును స్థాపించెను. 1941లో ఆయన దివంగతుడైన తరువాత ఆయన సేకరణ భద్రపరుపబడి, 1963లో జోకాలోని బ్రతచారిగ్రామమున మ్యూజియముగా వెలసెను.

1937లో స్థాపింపబడిన కలకత్తా విశ్వవిద్యాలయపు ఆశుతోష్ మ్యూజియమునందును కాంథాలు చేరెను. అదే విశ్వవిద్యాలయమున భారతీయ కళను బోధించిన స్టెల్లా క్రామ్‌రిష్ 1939లో కాంథాను గూర్చి ప్రత్యేకవ్యాసము ప్రకటించెను. చినిగినదానిని పారవేయక చేర్చి కుట్టుటలో కేవలము పొదుపే గాక ఒక పవిత్రభావమును ఆమె దర్శించెను. ఆమె సేకరించిన కాంథాలు తరువాత అమెరికాలోని ఫిలడెల్ఫియా మ్యూజియమునకు చేరెను. 2009లో అచ్చట కాంథాల ప్రదర్శన జరిగినప్పుడు ఆమె సేకరణయు అందు చోటు చేసికొనెను.

బొంత కావ్యమైన విధము

కాంథా గ్రంథమునకు తొడుగై, పిమ్మట గ్రంథమువలె అక్షరములు దాల్చి, తుదకు తానే గ్రంథమునకు వస్తువయ్యెను. 1929లో జసీముద్దీన్ "నక్షీ కాంథార్ మాఠ్" అను కథాకావ్యమును ప్రకటించెను. ఆయన ఫరీద్‌పూరు జిల్లాలో 1903లో పుట్టినవాడు. దినేశచంద్ర సేన్ ప్రోత్సాహముతో కలకత్తా విశ్వవిద్యాలయము కొరకు పల్లెపాటలు సేకరించినవాడు. "నక్షీ కాంథా", అనగా చిత్రములు కుట్టిన బొంత, అను పేరు పదుగురి నోట నిలుచుటకు ఆ కావ్యమే ముఖ్యకారణము.

కథ సరళమైనది. రూపాయి యను రైతుబిడ్డయు సాజు యను బాలికయు ప్రేమించి పెండ్లాడిరి. పంటపొలము కొరకు జరిగిన కొట్లాటలో చిక్కుకొని రూపాయి ఊరు విడిచిపోయెను. సాజు ఎదురుచూచుచు ఒక కాంథాపై తమ కథను మొదటినుండి కుట్టసాగెను. తొలిచూపు, పెండ్లి, కాపురము, ఎడబాటు అన్నియు ఆ బట్టపై చేరెను. అది ముగియునాటికి ఆమె యాయువును ముగిసెను. తన సమాధిపై ఆ కాంథాను పరచుమని తల్లిని కోరి ఆమె కన్నుమూసెను. పెక్కునాళ్ళ తరువాత ఆ కాంథా చుట్టుకొని ఆ సమాధికడ మృతుడై పడియున్న రూపాయిని ఊరివారు చూచిరి. సాజు వ్రాయనేర్చినది కాదు. రూపాయికి జాబు పంప నామెకు వేరు దారి లేదు. ఆమె కుట్టిన బట్టయే జాబు. అది చేరవలసినవానికి చేరినది, కాని ఆలస్యముగా చేరినది.

ఈ కావ్యమును మిల్‌ఫర్డ్ 1939లో ఆంగ్లీకరించెను. హిందూ ముస్లిం భేదము లేక వంగభాషీయు లందరు దానిని చదివిరి. పిదప రంగస్థలముపై నృత్యనాటకముగను అది ప్రదర్శితమయ్యెను. అక్షరమెఱుగని పల్లెపడుచు పనితనమును చదువరులు గుర్తించుటకు ఒక పుస్తకము కావలసివచ్చెను.

విభజనమును పునరుజ్జీవనమును

జెస్సోరు, ఖుల్నా, ఫరీద్‌పూరు, రాజషాహి, మైమెన్‌సింగు, ఇవి కాంథాకు పుట్టిండ్లవంటి జిల్లాలు. 1947లో దేశవిభజన జరిగి ఇవి తూర్పుపాకిస్థానమున చేరెను. ఇల్లు విడిచి వచ్చిన కుటుంబములు పెట్టెలో పట్టినంత మాత్రమే తెచ్చుకొనగలిగెను. మిల్లుబట్టయు మిల్లుదుప్పటియు చౌకయైన పిదప పాతచీరలతో నెలల తరబడి కుట్టు ఆవశ్యకత యును తగ్గెను. కొంతకాలము కాంథా మ్యూజియపు వస్తువుగా మాత్రమే మిగులునని తోచెను.

అట్లు జరుగలేదు. 1922లో రవీంద్రుడు స్థాపించిన శ్రీనికేతనపు ప్రభావమున బీర్‌భూము జిల్లాలో ఆ కుట్టు క్రొత్తరూపమున నిలిచెను. 1971లో బంగ్లాదేశ్ స్వతంత్రమైన తరువాత, యుద్ధమున నిరాధారులైన స్త్రీలకు జీవనోపాధి కల్పించు ప్రయత్నములలో కాంథాపని యొక ముఖ్యసాధన మయ్యెను. బీహారులోని ముజఫర్‌పూరు జిల్లా గ్రామములలో దీనికి తోబుట్టువైన సుజని కుట్టు 1980 దశకపు చివర పునరుద్ధరింపబడెను. అచ్చటి స్త్రీలు దేవతామూర్తులతో తృప్తిపడక, వరకట్నము, ఆడపిల్లల హత్య, ఎన్నికలు, చదువు మున్నగు తమ కాలపు సమస్యలను బట్టపై కుట్టిరి. పశ్చిమవంగపు నక్షీ కాంథాకు 2008లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించెను.

ఇందు లాభముతో పాటు ఒక చిక్కును కలదు. పూర్వము కాంథా అమ్మకమునకు కుట్టినది కాదు. కూతురి పెండ్లికో, పుట్టబోవు మనుమనికో, దూరదేశమునకు పోవు భర్తకో ఉద్దేశించి కుట్టినది. బొమ్మ ఏదియో, రంగు ఏదియో నిర్ణయించునది కుట్టునామెయే. నేటి కాంథాచీరపై బొమ్మను గీయువారు వేరు, రంగు నిర్ణయించువారు వేరు, కుట్టువారు వేరు. కుట్టినామెకు కూలి దొరకును, పేరు దొరకదు. మానదాసుందరి తండ్రి కొరకు కుట్టి తన పేరు నిలుపుకొనెను. ఆమె మనుమరాండ్ర వంటివారు ప్రపంచపు అంగళ్ళ కొరకు కుట్టి పేరు లేనివారైరి. అయినను ఆ కూలితో తమ ఆడపిల్లలను బడికి పంపిన తల్లికి ఈ మార్పు నష్టమని చెప్పుటకు ఎవ్వరికిని అధికారము లేదు. దారముతో అక్షరమును కుట్టుట కన్న, దారము సంపాదించిన డబ్బుతో అక్షరమును నేర్పుట తక్కువది కాదు.

తెలుగువారి బొంత

తెలుగుదేశమునకు ఈ కథతో పోలిక లేకపోలేదు. శ్రీకాళహస్తి కలంకారి పనివారు రామాయణ భారత కథలను బట్టపై వరుసగా చిత్రించి, ప్రతి చిత్రమునకు తెలుగులిపిలో వివరణము వ్రాసిరి. గుడ్డను పుస్తకముగా విప్పి చదువు సంప్రదాయము ఇచ్చటను కలదు. అది పురుషులైన కళాకారులు గుడులకొరకు చేసిన పని. ఇంటిలోని బొంత మాత్రము స్త్రీ సొత్తు. తెలుగు బొంతపై నక్షీ కాంథావలె బొమ్మల కథలు కుట్టు వాడుక లేకపోయినను, ఏ ముక్క యే చీరదో చెప్పగల అవ్వ దాని ప్రక్కన నున్నంతకాలము అదియు చదువదగినదే.

చదువు విషయమునను ఆ పోలిక సాగును. 1874లో జన్మించిన భండారు అచ్చమాంబ బాల్యమున బడికి పోయినది కాదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకొనుచుండగా ఆమెయు ఇంటిలోనే చదువు నేర్చెను. ప్రభుత్వోద్యోగియైన భర్తతో తెలుగుదేశమునకు దూరముగా మధ్యపరగణాలలో నివసించుచు, పలుభాషలు అభ్యసించి, "అబలా సచ్చరిత్ర రత్నమాల" రచించెను. దాని మొదటి భాగము 1901లో వెలువడెను. అది భారతదేశపు స్త్రీల జీవితములను ఏరి కూర్చిన గ్రంథము. విడివిడిగా చెదరి, మరపున పడనున్న కథలను చేర్చి ఒక్కటిగా కుట్టిన ఆ పనియు బొంతపని వంటిదే. "అతుకులబొంత" యను మాటను ఆ గ్రంథమునకు వాడినచో అది నింద కానేరదు.

బదిలీపై ఊరూరు తిరుగు ఉద్యోగుల కుటుంబములలో సామాను కట్టునాడు రెండు వస్తువులను గూర్చి తర్జనభర్జన జరుగుట కలదు. ఒకటి పుస్తకముల పెట్టె, బరువెక్కువ. రెండవది ఊరినుండి వచ్చిన పాతబొంత, చోటెక్కువ. క్రొత్త ఊరిలో క్రొత్త దుప్పటి దొరకునని, పుస్తకములు గ్రంథాలయమున నుండునని ఎవరో ఒకరందురు. వంగదేశపు గృహిణు లీ తగవును ఏనాడో తీర్చియున్నారు. వారు పుస్తకములను బొంతలో చుట్టిపెట్టిరి. ఆ విధమున రెండును ఒక్క మూటయై, ఒకదానివలన ఒకటి చెడకుండ తరువాతి తరమువారికి చేరినవి. ఇంటిలోని పాతబొంతను మడచి పెట్టునప్పుడు అది ఎవరి చేతిపనియో, అందలి ముక్క లెవరి చీరలో అడిగి తెలిసికొని, ఒక చిన్న కాగితముపై వ్రాసి లోపల నుంచుట కష్టమైన పని కాదు. మానదాసుందరి దారముతో చేసిన ఆ పనిని నేడు కలముతో చేయవచ్చును. చెప్పగలవారు ఇంటిలో నున్నప్పుడే అది చేయదగినది.